ఆగిపోయిన బస్సు, పక్కకు తిరిగే మెడ

ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ చేసినందుకు రాష్ట్రం మునిగిపోతుందని మా కాలనీ టీ కొట్టు దగ్గర రోజూ పొద్దున ఒక సభ జరుగుతుంది. ఆ సభకు అధ్యక్షుడు మా బావ. చుట్టరికంతో బావ కాదు. ఒకే బొగ్గుబాయిలో, ఒకే షిఫ్టులో పక్కపక్కన పనిచేసి ఇంచుమించు ఒకేసారి రిటైరైనవాళ్ళం. అలా బావ అయ్యాడు. గనిని మేం బాయి అనే అంటాం. గోదావరిఖనిలో పుట్టిన పిల్లవాడికి బాయి అంటే ముందు బొగ్గే గుర్తుకొస్తుంది, నీళ్ళ బావి ఆ తర్వాతే.

"ఆడోళ్లకు తిరుగుడే పనైంది. పొద్దుగాల బస్సెక్కుతరు, మాపటికి దిగుతరు. ఏం పనున్నదని తిరుగుతరు?" అంటాడు బావ.

"నువ్వు పొద్దుగాల గీ బల్ల మీద కూసుంటవ్, ఎండ నెత్తిమీదికొచ్చేదాక లేవవు. నీకేం పనున్నదని కూసుంటవ్?" అంటాను నేను.

"నేను కూసుంటే సర్కారుకు ఖర్చు లేదు గద!"

"నీ నోటికి గిన సర్కారు ఖర్చు పెట్టాల్సొస్తే ఎప్పుడో మునుగుతుండె."

టీ కొట్టు నడిపే ఆమెను మేమందరం చెల్లె అంటాం. "అన్నా, గట్ల ఒర్రకుండ్రి. పాలు విరుగుతయ్," అంటుంది ఆమె. మా ఇద్దరికీ ఇంకో టీ పోస్తుంది. సభ కొనసాగుతుంది.

నాకు కోపం ఎక్కువని పేరు. ఉంటే ఉండనీ. నేను బడికి పోయి చదువుకున్నవాణ్ణి కాదు. బాయిలో దిగిన కొత్తలో దారి పొడుగునా గోడలకు కొట్టిన హెచ్చరిక బోర్డులు చూసి, పక్కవాణ్ణి అడిగి, అక్షరం అక్షరం పట్టుకున్నాను. నేను మొట్టమొదట చదివిన మాట 'ప్రమాదం'. ఆ తర్వాత గోడల మీది పోస్టర్లు, టిఫిన్ గిన్నెకు చుట్టిన పేపరు ముక్కలు, యూనియన్ ఆఫీసు బీరువాలో ఎవరూ ముట్టని పుస్తకాలు. ఇట్లా చదువు పట్టినవాడికి ఒక జబ్బు ఉంటుంది. అచ్చయిన ప్రతి మాటా తనకోసమే రాశారనుకుంటాడు, ప్రతిదానికీ జవాబు చెప్పి తీరాలనుకుంటాడు. పేపర్లో వచ్చే సంపాదకీయాలకు నేను టీ కొట్టు దగ్గర జవాబులు చెబుతుంటాను. ఆ రాసినవాడికి వినబడదు, అది వేరే సంగతి.

ముసలివాళ్ళకు మిషన్లంటే పడదని ఒక మాట ప్రచారంలో ఉంది. పచ్చి అబద్ధం. నాకు మిషన్లంటే ప్రాణం. తట్టతో బొగ్గు ఎత్తి ఎత్తి నడుము విరిగినవాడికి, బొగ్గు ఎత్తే మిషన్ బాయిలోకి దిగిన రోజు ఎట్లా ఉంటుందో ఈ మాట అనేవాళ్ళకేం తెలుసు! అది మొదటిసారి మా ముందు బొగ్గును ఒక్క గుక్కలో ఎత్తి పోసినప్పుడు మేమంతా ఈలలు వేశాం. మర్నాడు అర్థమైంది, అది మా పని కూడా ఎత్తుకుపోతుందని. అప్పుడు అదే నోటితో నినాదాలు ఇచ్చాం. రెండూ నిజమే. మిషన్ వచ్చినందుకు సంతోషపడ్డదీ నేనే, మిగిలిన మనుషుల సంగతేమిటని గేటు ముందు కూర్చున్నదీ నేనే. ఇప్పుడు జేబులో ఫోను ఉంది. గోదావరికి వరద ఎంత వచ్చిందని మా యాసలో అడిగితే, రేడియోలో వార్తలు చదివే ఆమెలాగా శుభ్రమైన తెలుగులో జవాబు చెబుతుంది. నా మాట దానికి అర్థమవుతుందంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అది చెప్పిందల్లా నమ్మి గొర్రెల్లాగా పరుగెత్తేవాళ్ళను చూస్తే మాత్రం చెప్పు తీసుకోవాలనిపిస్తుంది.

సరే, బస్సు సంగతి.

మా కాలనీ ఊరికి ఒక మూలన, ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టి గుట్టల వెనక ఉంటుంది. బాయి నడిచినన్నాళ్ళూ షిఫ్టు వేళలకు ఒక ఆర్టీసీ బస్సు వచ్చేది. అది డ్యూటీ బస్సు. మమ్మల్ని బాయి దగ్గర దించి, చౌరస్తా మీదుగా దవాఖాన దాకా పోయేది. ఆ బస్సులో మా ఆడవాళ్ళు ఎక్కడం తక్కువ. నా భార్య సంగతే చెబుతాను. క్వార్టర్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి ఆమె నేను తీసుకుపోతే మార్కెట్టుకు, నేను తీసుకుపోతే పెళ్ళిళ్ళకు, నేను తీసుకుపోతే జాతరకు. నేను డ్యూటీలో ఉంటే ఎక్కడికీ లేదు. ఇది తప్పని అప్పట్లో ఆమె అనలేదు, నేనూ అనుకోలేదు. కాలనీ అంతా అట్లాగే ఉండేది.

ఫ్రీ బస్సు వచ్చాక మోకాళ్ళ నొప్పికి దవాఖానలో రోజూ కసరత్తు చేయిస్తారని ఎవరో చెబితే, ఆమె ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని బయలుదేరింది. మొదటి రోజు తోడు పోయాను. రెండో రోజు చెప్పులు వేసుకుంటుంటే ఆపింది.

"నువ్వెందుకు? నాకు తొవ్వ తెలువదా?"

"ఒక్కదానివి ఎట్ల పోతవ్?"

"కూసుంట, టిక్కెట్టు తీసుకుంట, దిగుత. గింతే గద. నువ్వు పేపరు చదువుకో."

అట్లా మొదలైంది. దవాఖానలో కసరత్తు అయ్యాక వెంటనే వచ్చే బస్సు ఎక్కేది కాదు. తోటి ఆడవాళ్ళతో కలిసి చౌరస్తా చుట్టేది. కూరగాయలు బేరమాడేది. కోర్టు దగ్గర చెట్టు కింద కూర్చొని, లోపలికి పోయేవాళ్ళను, బయటికి వచ్చేవాళ్ళను చూసి ఎవరు గెలిచారో ఎవరు ఓడారో చెప్పేది. ఇంటికి వచ్చాక నాకు లేని అభిప్రాయాలు ఆమెకు పుట్టుకొచ్చాయి. పొద్దున టీ కొట్టు దగ్గర ఒక సభ, సాయంత్రం ఇంట్లో ఇంకో సభ. దవాఖానలో టోకెన్లు ఇచ్చే మిషన్ పెట్టినప్పుడు మా బావ, "మనుషుల నౌకర్లు తీసిండ్రు" అని గోల చేశాడు. ఆమె ఒక్క మాటలో కొట్టేసింది.

"మిషనే మంచిగున్నది. మిషన్‌కు చుట్టాలు లేరు. ముందొచ్చినోళ్లకు ముందిస్తది."

నేను ఇన్ని పుస్తకాలు చదివి ఆ మాట అనలేకపోయాను. ఆ రోజు సంతోషం పట్టలేక ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ తర్వాత మా బాయి మూశారు. లోపల బొగ్గు అయిపోయింది. మూయక ఏం చేస్తారు? దాని మీద నాకు పేచీ లేదు. కొన్నాళ్ళు బస్సు అలవాటు కొద్దీ వచ్చింది. ఒక పొద్దున రాలేదు. ఆడవాళ్ళందరూ స్టాపు దగ్గర ఎండ ముదిరేదాకా నిలబడ్డారు. చివరికి అటుగా పోయే లారీ డ్రైవరు ఆపి చెప్పాడట, "అవ్వా, డ్యూటీలు లేనంక డ్యూటీ బస్సు ఎందుకొస్తది?" అని.

ఆమె ఇంటికి వచ్చి సంచి మేకుకు తగిలించింది. గడప మీద కూర్చుంది.

ఆటోలు లేవా అంటారు. ఉన్నాయి. మా మూలకు వచ్చేవి తక్కువ. వచ్చినా ముగ్గురు కూర్చునే చోట ఆరుగురిని కుక్కుతారు. వంగని మోకాలు ఎక్కడ పెట్టుకోవాలి? కసరత్తు ఆగిపోయింది. అది ఒకటే అయితే నేను నూనె రాసి సరిపెట్టేవాణ్ణేమో. మాటలు ఆగిపోయాయి. సాయంత్రం సభ రద్దయిపోయింది. కోర్టు దగ్గర ఎవరు గెలిచారో చెప్పే మనిషి లేదు. ఆ సంచిని మేకు మీద చూసినప్పుడల్లా నాకు రక్తం ఉడికిపోయేది. వచ్చిన ఒక్క స్వేచ్ఛనూ ఎవడో ఆఫీసులో కూర్చొని, బొగ్గు లెక్కతో పాటు కొట్టేశాడు!

ఫిర్యాదులు వినే అధికారి సోమవారం సోమవారం వీడియోలో దొరుకుతాడని తెలిసింది. మన వార్డు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఆయన తన ఆఫీసు నుంచి చూసి మాట్లాడతాడట. అబ్బ, ఎంత మంచి ఏర్పాటు! ఇది నేను వెటకారంగా అనడం లేదు. మా రోజుల్లో ఒక పెద్ద దొర ముఖం చూడాలంటే గేటు దగ్గర పగలంతా నిలబడేవాళ్ళం. ఇప్పుడు దొరే తెరలోకి వస్తున్నాడు. రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పవలసినదంతా మనసులో పేరాలు పేరాలుగా అమర్చుకున్నాను. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను.

వార్డు ఆఫీసులో కంప్యూటర్ చూసుకునే ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. "బాపు, గీ నల్ల చుక్క ఉన్నది చూడు, గది కెమెరా. గటు చూసి మాట్లాడు," అంది. అధికారి తెర మీదికి వచ్చాడు. నా కొడుకు వయసువాడు, మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. నమస్కారం పెట్టి మొదలుపెట్టాను. గొంతు బాగా పలికింది. రెండు వాక్యాలు అయ్యాయో లేదో ఆయన చెయ్యి ఎత్తాడు.

"పెద్దాయనా, ఇటు చూసి చెప్పండి."

"చూసే చెప్తున్న సారు."

"చూడటం లేదు. పక్కకు చూస్తున్నారు. మీ పక్కన ఎవరున్నారు?"

"గోడ ఉన్నది సారు."

"గోడ మీద ఏమైనా రాసి ఉందా? చూసి చదువుతున్నారా?"

నాకు ఒళ్ళు మండింది. "సారు, నా మాట నేను చెప్పుకోవడానికి నాకు గోడ సాయం అక్కర్లేదు," అన్నాను. అన్నానే గానీ, అది కూడా గోడ వైపే చూసి అన్నానని కంప్యూటర్ ఆమె తర్వాత చెప్పింది.

ఆయన కోపగించుకోలేదు. అదే ఇంకా బాధ. విసుగ్గా, ఓపిగ్గా అన్నాడు: "ఎవరో నేర్పించి పంపితే వచ్చి చెప్పే ఫిర్యాదులు నాకు చాలా వస్తున్నాయి. మీ అంతట మీరు చెప్పుకోవాలనుకుంటే వచ్చే సోమవారం రండి. నా ముఖం చూసి చెప్పండి." తెరలో ఇంకో కాలనీవాళ్ళు వచ్చేశారు.

నేర్పించి పంపారట! నన్ను! సంపాదకీయాలకు జవాబులు చెప్పేవాణ్ణి! ఆఫీసు నుంచి ఇంటిదాకా ఎట్లా నడిచానో తెలియదు. గుమ్మం దగ్గర నుంచే అరవడం మొదలుపెట్టాను.

"నేను అబద్ధమాడుతున్ననట! ఎదుటి మనిషి మొఖం చూడకుంట మాట్లాడుతున్ననట! నాకెవడో చెవుల ఊదుతున్నడట!"

ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. బస్సు ఆగిపోయిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"గా సారు మొనగాడయ్యా. ఒక్క దినంలనే పట్టిండు. నాకు పెండ్లైనంక నెల పట్టింది."

"ఏంది పట్టేది?"

"నువ్వు ఎవ్వల మొఖం చూసి మాట్లాడుతవ్? గిప్పుడు గూడ దండెం మీది తువ్వాలతోని మాట్లాడుతున్నవ్. నేను గీడ కూసున్న."

నిజమే. నా చూపు దండెం మీద ఉంది.

చదివేవాళ్ళకు ఇక్కడ కొంచెం విడమరిచి చెప్పాలి. బాయిలో వెలుగు మా నెత్తి మీద ఉంటుంది. టోపీకి లైటు, నడుముకు బ్యాటరీ. చూపు ఎటు తిరిగితే వెలుగు అటు తిరుగుతుంది. ఆ చీకట్లో ఎదుటివాడి ముఖంలోకి చూశామంటే లైటు నేరుగా వాడి కళ్ళల్లో పడుతుంది. కాసేపు వాడికి ఏమీ కనబడదు. ఆ కాసేపట్లోనే అడుగు తప్పవచ్చు, పట్టాల మీద నడిచే బొగ్గు డబ్బా వచ్చి మీద పడవచ్చు. అందుకని మాట్లాడేటప్పుడు మెడ పక్కకు తిప్పుకోవాలి. నేను మొదటి షిఫ్టులో మా ముఠాను నడిపే సర్దార్ ముఖంలోకి చూసి, "ఏం చెయ్యాలె?" అని అడిగితే, టోపీ మీద ఠంగుమని కొట్టాడు. "నా కండ్లు పోగొడ్తవారా? మొఖం తిప్పు!" అన్నాడు. అదే మాకు మర్యాద. ఎదుటివాడు ఎంత దగ్గరివాడైతే అంత జాగ్రత్తగా మెడ తిప్పేవాళ్ళం. అట్లా ముప్పై ఏళ్ళు తిప్పిన మెడ పైకి వచ్చాక మాత్రం ఎందుకు మాట వింటుంది? లైటు ల్యాంపు రూములో అప్పగించాం గానీ, మెడను అప్పగించలేదు.

"గిది నాకు ముందుగాల ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

"చెప్తే ఏంజేస్తుంటివి? గీ గల్లీల ఆడోళ్లందరికి ఎరుకే. మేము మేము కూసున్నప్పుడు గిదే ముచ్చట. మీ ఆయన దేనితోని మాట్లాడుతడు, అంటే, మా ఆయన తలుపుతోని, మా ఆయన బర్రెతోని."

మర్నాడు టీ కొట్టు దగ్గర నేను నోరు మూసుకొని చూశాను. బావ రోడ్డుతో మాట్లాడుతున్నాడు. రిటైరైన సర్దార్ ఒకాయన కరెంటు స్తంభంతో. బల్ల మీద కూర్చున్న ఏ ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా లేవు. విషయం విప్పి చెబితే చెల్లె గరిటె కింద పెట్టేసింది.

"అయ్యో అన్నా! నేను ఇన్నేండ్ల సంది ఏమనుకుంటున్ననో ఎరుకేనా? మీకు ఒకలంటే ఒకలకు పడదు, ఊకె టీ కోసం కలిసి కూసుంటరనుకున్న."

బావకు మాత్రం నవ్వు రాలేదు. అతనికి ముక్కు మీద కోపం. "నిన్నన్నడంటే బాయిల దిగినోళ్లందరిని అన్నట్టే. వచ్చే సోమవారం గా సారు మొఖంల మొఖం పెట్టి మాట్లాడాలె నువ్వు. నేను నేర్పిస్త," అన్నాడు.

"ఆడోళ్ల బస్సు కోసం నువ్వు నేర్పిస్తవా?"

"బస్సు కోసం కాదు. ఇజ్జత్ కోసం."

ఆ వారమంతా మా ఇంట్లో తాలీమ్. బావ ఫోను పట్టుకొని నా ముందు అధికారిలాగా కూర్చునేవాడు. నేను కెమెరా చూసి మాట్లాడాలి. మొదటి వాక్యం బాగానే నడిచేది. 'అన్యాయం' అనే మాట దగ్గరికి వచ్చేసరికి మెడ దానంతట అదే కిటికీ వైపు పోయేది. నా భార్య తన బొట్టు బిళ్ళ ఒకటి తీసి ఫోను కెమెరా పక్కన అంటించింది.

"గీ బొట్టును చూసి మాట్లాడు. నేననుకో."

"నువ్వనుకుంటే ఇంకా పక్కకు పోతడు," అన్నాడు బావ, తలుపు వైపు చూసి.

"నీ సంగతి నీ ఇంట్ల మా అక్కకు ఎరుక లేదా? ముందుగాల నువ్వు నా మొఖం చూసి చెప్పు గా మాట," అంది ఆమె. బావ ఆమె వైపు తిరిగాడు. ఎర్రబడ్డాడు. అరవై దాటిన మనిషి పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు తల వంచుకున్నాడు. మేం ముగ్గురం పొట్టలు పట్టుకొని నవ్వాం.

సోమవారం వచ్చింది. ఈసారి ఆమె కూడా సంచి తగిలించుకుంది. "నేను గూడ వస్త," అంది. ఆమె వస్తుందంటే గల్లీ ఆడవాళ్ళు ఇంకో నలుగురు బయలుదేరారు. ఎట్లా పోవాలి? ఒక ఆటో దొరికింది. మోకాలు చాపుకోవడానికి చోటు ఉండాలని ఆమెను ముందు డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళం వెనక బొగ్గు బస్తాల్లాగా కూరుకున్నాం. బావ నడిచి వచ్చాడు. మాకంటే ముందే చేరి, వార్డు ఆఫీసు గేటు దగ్గర ఇజ్జత్ కాపలా కాస్తూ నిలబడ్డాడు.

కంప్యూటర్ మీద బొట్టు బిళ్ళ అంటిస్తామంటే ఆఫీసు ఆమె వింతగా చూసింది గానీ కాదనలేదు. కూర్చున్నాను. అధికారి గుర్తుపట్టాడు. "చెప్పండి పెద్దాయనా," అన్నాడు. బొట్టును చూస్తూ మొదలుపెట్టాను. కాలనీ పేరు, బస్సు ఎప్పటి నుంచి రావడం లేదు, దవాఖాన ఎంత దూరం. మెడ బుద్ధిగా ఉంది. లోపల గుండె గంతులేస్తోంది, గెలిచేస్తున్నానని.

"షిఫ్టులు లేవు కాబట్టి ఆ రూటులో ప్రయాణికులు ఉండరని తీసేశారండి," అన్నాడాయన.

ప్రయాణికులు ఉండరట! నా నోట్లోకి అన్యాయం అనే మాట వచ్చింది. అంతే. నా కళ్ళ ముందు బొట్టు లేదు, గోడ ఉంది.

"అదిగో, మళ్ళీ అటు చూస్తున్నారు. ఎవరండీ అక్కడ?" అన్నాడు అధికారి.

నా భుజం మీద చెయ్యి పడింది. "లే," అంది నా భార్య. లేచాను. ఆమె కుర్చీలో కూర్చొని, మోకాలు చాపుకొని, కెమెరా పక్కన ఉన్న తన బొట్టు బిళ్ళను తీసేసి సంచిలో వేసుకుంది.

"నమస్తే సారు. నేను గీయన భార్యను. గీయన చెప్పేది నిజమే. కని చెప్పేటప్పుడు మెడ తిరుగుతది. మీరు మెడను చూడకుండ్రి, మాట వినుండ్రి."

"మీరు చెప్పండమ్మా."

"బాయిల బొగ్గు అయిపోయింది, బాయి మూసిండ్రు. మంచిది. దానితోని మమ్ముల ఎందుకు మూసిండ్రు సారు? మా లోపల బొగ్గు లేదు గద అయిపోవుటానికి?" వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. "రాండ్రే, ముంగటికి రాండ్రి. సారు, గీళ్లు ప్రయాణికులు. చూడుండ్రి. గీమె హాస్టల్ల వంట చేస్తది. బస్సు పోయినంక సగం దినాలు నాగాలే. గీమె దవాఖానల ఊడుస్తది, చీకట్ల లేచి మట్టి గుట్టల పొంటి నడిచిపోతున్నది. గీమెకు బీపీ గోలీలు అయిపోయి ఎన్నొద్దులాయెనో. నాకు మోకాళ్లు. మేము డ్యూటీకి పోయేటోళ్లం కాదని లెక్కల రాయలే. మావి డ్యూటీలు కావా?"

తెరలో అయిదుగురు ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ, తలలు దూర్చి నమస్తే పెడుతున్నారు. అధికారి కుర్చీలో ముందుకు జరిగాడు. రాసుకున్నాడు. తర్వాత ఆయనకు ఏం తోచిందో ఏమో అడిగాడు.

"మీరు కెమెరా చూసి ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నారే, ఇంతకు ముందు అలవాటుందామ్మా?"

"నా దిక్కు చూడని మొఖంతోని ఇన్నేండ్లు సంసారం జేసిన సారు. గీ అద్దంతోని మాట్లాడుడు ఓ లెక్కనా?"

ఆఫీసంతా గొల్లుమంది. అధికారి కూడా నవ్వాడు. ఆయన అడగకుండానే ఆమె టోపీ లైటు సంగతంతా చెప్పింది. నేను పైన విడమరిచిన దానికంటే పొట్టిగా, బాగా చెప్పింది. "మీ కండ్లల్ల లైటు పడొద్దని గటు తిరిగిండు సారు. అబద్ధమాడుటానికి కాదు," అని ముగించింది.

ఆయన నన్ను పిలిపించాడు. "పెద్దాయనా, నాకు తెలియక అనుమానించాను. ఏమీ అనుకోకండి," అన్నాడు. నేను వారం రోజుల నుంచి ఒక జవాబు నూరుకుంటున్నాను. నాలుగు పేరాల జవాబు. ఆ ఒక్క మాటతో అంతా కరిగిపోయింది. కొంచెం నిరాశగా కూడా అనిపించింది.

"పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. ఒక నెల వేయించి చూద్దాం," అన్నాడు ఆమెతో.

"చూసుడేంది సారు? నడుపుండ్రి. మేమెక్కుతం, మీరే చూస్తరు."

బయట గేటు దగ్గర బావ అడిగాడు, "మొఖం చూసి మాట్లాడినవా?" అని. ఆమె మాట్లాడిందని చెబితే కాసేపు రోడ్డు వైపు చూశాడు. "మరి మా ఇంటామెను గూడ తోలుకపోక పోతిరా," అన్నాడు. ఇన్నాళ్ళు సభ నడిపిన అధ్యక్షుడు!

బస్సు వచ్చిన పొద్దున కాలనీకి కాలనీ స్టాపు దగ్గర ఉంది. మట్టి గుట్టల మలుపులో దాని నెత్తి కనబడగానే ఎవరో కేక వేశారు, పిల్లలు పరుగెత్తారు. నా వయసు మరిచిపోయి నేనూ చెయ్యి ఊపాను, అది ఆగకుండా పోతుందేమోనని. ఆగింది. ఆమె ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, ఒక్కో మెట్టూ ఎక్కింది. నేనూ ఎక్కబోయాను. పై మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగింది.

"నువ్వెక్కడికి?"

"మొదటి దినం గద, తోడు..."

"ఇంత మంది ఉన్నరు. నువ్వు ఇంటికి పో. పప్పు నానబెట్టిన, పొయ్యి మీద పెట్టు."

తలుపు మూసుకుంది. నేను పప్పు పెట్టడానికి వచ్చాను. అది మాడింది. ఇంకోసారి పెట్టాను.

సాయంత్రం బస్సు హారన్ వినగానే గుమ్మం దిగి పోయాను. ఆడవాళ్ళు దిగుతూనే ఉన్నారు, మాట్లాడుతూనే ఉన్నారు. ఎవరి మాట ఎవరికి చెబుతున్నారో తెలియడం లేదు. ఆమె చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం ఉంది, నూనె కారి కాగితం పారదర్శకమైంది. ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"మోకాలు ఎట్లున్నది?" అని అడిగాను.

"మోకాలు మంచిగనే ఉన్నది. గది కాదు, ఇను. రేపు గోదావరి దాటి మంచిర్యాల పోతున్నం. చౌరస్తల బస్సు మారాలె."

"మంచిర్యాలల ఏం పని?"

"పనేంది? ఇంతవరకు చూడలే. పోయి చూసొస్తం."

పప్పు రెండోసారి మాడలేదని చెప్పాను.